సీతాఫలం గింజల పొడి

మా అత్తయ్య కందుల బస్తాకి చెవి ఆనించి వింటారు. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, కడుపులో బిడ్డ కదలిక వింటున్నట్టు. కాపురానికి వచ్చిన నాలుగో రోజు అది చూసి, ఇదేదో ఈ ఇంటి ఆచారం కాబోలనుకుని, నేనూ పక్కనే మోకాళ్ల మీద కూర్చుని ఇంకో బస్తాకి చెవి పెట్టాను. గోనె గరుకు చెంపకి గుచ్చుకుంది తప్ప ఏమీ వినపడలేదు. అత్తయ్య కళ్లు తెరిచి నన్ను చూశారు. ఆవిడ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. పురుగు పడిన బస్తాలో సన్నగా చిటపటమంటుందట, ఇసుక రాలినట్టు. ఆ చప్పుడు వినపడిందంటే అప్పటికే సగం గింజలకి బొక్కలు పడి ఉంటాయట. అందుకని చప్పుడు రాకముందే చూసుకోవాలన్నారు.

నేను తాడేపల్లిలో మూడో అంతస్తు ఫ్లాటులో పెరిగాను. గుంటూరులో జువాలజీ చదివాను. ఫిబ్రవరిలో పెళ్లయింది. సత్తెనపల్లి దాటాక పిడుగురాళ్ల రోడ్డు మీంచి మూడు కిలోమీటర్లు లోపలికి ఉండే మా అత్తగారి ఊరు మొదటి రెండు నెలలూ నాకు తిరునాళ్లలాగే ఉండేది. గచ్చు మీద కొత్త మెట్టెలు టక్కుమనడం బాగుండేది. బిందె నిండుతున్నకొద్దీ నీళ్ల చప్పుడు సన్నబడటం బాగుండేది. మా ఆయన కోటేష్ కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు అతని చొక్కా చల్లగా, మిరపకాయల వాసనతో ఉండేది. చల్లటి ఘాటు అనేది ఒకటుంటుందని నాకు పెళ్లయ్యాకే తెలిసింది. ఆ చొక్కా ఉతకడానికి తీసుకెళ్తూ ఒకసారి, తీసుకెళ్లాక ఒకసారి వాసన చూసుకునేదాన్ని. మా ఆడపడుచు అఖిల ఒకరోజు పట్టేసింది.

అఖిల నాకన్నా రెండేళ్లు చిన్నది. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి రాత పరీక్ష, పరుగు, రెండో పరీక్ష అన్నీ దాటేసింది. వైద్య పరీక్ష ఒక్కటే మిగిలింది, అది జూన్‌లో. మా మామయ్య వాళ్ల వైపు ఆడవాళ్లలో ఉద్యోగం చేసినవాళ్లు ఎవరూ లేరు. అందుకని ఊరంతా ఆమెని అప్పుడే ‘ఎస్సై గారూ’ అనేవాళ్లు. పరుగు పరీక్ష అయిపోయినా అలవాటు పోకుండా పొద్దున్నే సాగర్ కాలువ కట్ట మీద పరిగెత్తేది. ఫోనులో టైము చూసే పని నాది. నేను కాలువలో ఈదే బాతుల్ని చూస్తూ ఎప్పుడు ఆపాలో మర్చిపోయేదాన్ని. ఆమె రొప్పుతూ వచ్చి నా ముందు నిలబడి, ‘ఎంత వదినా?’ అంటే, ‘బాగా పరిగెత్తావు’ అనేదాన్ని. ఆ జవాబుకి కట్ట మీద చతికిలబడి నవ్వేది. నాకు అక్కచెల్లెళ్లు లేరు. ఆ నవ్వు చూడటానికి కొన్నిసార్లు కావాలనే మర్చిపోయేదాన్ని.

మార్చి నెలాఖరుకి కందులన్నీ ఇల్లు చేరాయి. తిండికి కొన్ని, విత్తనానికి కొన్ని. విత్తనాల కందులంటే అత్తయ్యకి ప్రాణం. వాళ్ల పుట్టింటి నుంచి తెచ్చుకున్న రకమట, పొట్టు మీద సన్నటి ఎర్రగీతలు ఉంటాయి. ఇరవై ఆరేళ్లుగా ఏ ఏటికాయేడు దాచి, ఆ విత్తనమే వేస్తున్నారు. ఊళ్లో అందరూ గింజల్లో గ్యాస్ బిళ్లలు పెడతారు. అత్తయ్య పెట్టనివ్వరు, మనం ముక్కు మూసుకుని పెట్టేదాన్ని గింజ ఎట్లా పీల్చుకుంటుందంటారు. ఆవిడ పద్ధతి వేరు. వేపాకు నీడలో ఎండబెట్టి నలపాలి. వసకొమ్ము దంచి జల్లించాలి. పిడకల బూడిద జల్లించి కలపాలి. పంటి కింద గింజ టక్కుమని విరిగేదాకా కందులు ఎండబెట్టాలి. ఎండ నడినెత్తిన ఉండగానే, గింజ వేడి మీదే, పొడి పట్టించి డ్రమ్ములో పోసి, పైన నాలుగు వేళ్ల మందం ఇసుక పోసి మూత బిగించాలి.

ఇది వింటుంటే నాకు రెక్కలొచ్చినట్టయింది. డిగ్రీ మూడో ఏడు నా ప్రాజెక్టు సరిగ్గా ఇదే. గాజు గిన్నెల్లో పెసలు పోసి, పుచ్చు పురుగుల్ని వదిలి, ఒక్కోదాంట్లో ఒక్కో మొక్క పొడి కలిపి లెక్కబెట్టాను. వేపాకు పొడి వేసిన గిన్నెలో పురుగులు గుడ్లు తక్కువ పెట్టాయి. వస పొడి వేసిన గిన్నెలో ఇంకా తక్కువ. సీతాఫలం గింజల పొడి వేసిన గిన్నెలో మూడో రోజుకి ఒక్క పురుగు కదల్లేదు. మా మేడం ఆ గిన్నె పైకెత్తి క్లాసు మొత్తానికి చూపించింది. నా చదువు మొత్తంలో అందరూ నా వైపు చూసిన రోజు అదొక్కటే.

ఆ సంగతంతా అత్తయ్యకి ఊదరగొట్టి చెప్పాను. ఆవిడ వేపాకు నలుపుతూ విన్నారు. చివర్న, సీతాఫలం గింజలా, అది పేలమందు కదమ్మా, విత్తనంలో ఎందుకు, వద్దులే అన్నారు. కోపంగా కాదు, పులుసులో ఉప్పు చాల్లే అన్నట్టు అన్నారు. నేను సరే అన్నాను.

సరే అన్నాను గానీ, ఆ మర్నాడు ఆదెమ్మ మిరపకాయలు ఏరడానికి వచ్చినప్పుడు నా కళ్లు ఆమె కొంగుముడి మీదే ఉన్నాయి. ఆదెమ్మకి డెబ్బై దాటాయి. వాడకట్టులో ఆడపిల్లల తలలకి పేలమందు నూరిచ్చేది ఆమే. చలికాలంలో సీతాఫలాలు తిన్నవాళ్ల ఇళ్లన్నీ తిరిగి గింజలు ఏరి దాచుకుంటుంది. నేనడిగితే, పట్నం పిల్లకి కూడా పేలున్నాయా అని పగలబడి నవ్వి, సాయంత్రం చిన్న మూటలో గుప్పెడు గింజలు తెచ్చి చేతిలో పెట్టింది. పెట్టి, నా మణికట్టు వదలకుండా ఒక మాట చెప్పింది.

“కంటికి మాత్రం తగలనీయమాక, కోడలు పిల్లా. గుడ్డు పోద్ది.”

సరే అన్నాను. ఆ నెలల్లో నేను ఎవరేం చెప్పినా సరే అనేదాన్ని. అంత సంతోషంగా ఉండేదాన్ని.

మర్నాటి మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడు ఆ గింజల్ని మిక్సీలో పొడి చేశాను. నల్లటి పెంకు, తెల్లటి పప్పు కలిసి బూడిదరంగు పొడి వచ్చింది. నూనె నూనెగా, కొంచెం చేదు వాసన. మిక్సీ మూడుసార్లు కడిగాను. పొడిని అత్తయ్య వేపాకు పొడి డబ్బాలో కలిపేసి, గరిటెతో తిప్పి, ఏమీ తెలియకుండా పైన చదును చేశాను. జూన్‌లో డ్రమ్ము మూత తీసినప్పుడు ఒక్క గింజకీ బొక్క లేకుండా ఉంటే, అప్పుడు చెబుదామనుకున్నాను. అత్తయ్య ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుని, వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఏప్రిల్ రెండో వారంలో కళ్లంలో చివరి కోత మిరపకాయలు బస్తాలకెత్తుతున్నారు. ఆరోజు కూలీలు తక్కువ వచ్చారు. పరీక్షల ముందు పిల్లకి పనెందుకు అని అత్తయ్య అంటున్నా వినకుండా మామయ్య అఖిలని కళ్లానికి పిలిచారు. మామయ్య పేరు బుల్లయ్య. పెద్ద గొంతు, ఆయన మామూలుగా పలకరించినా వీధి చివరికి వినపడుతుంది. రేపు నువ్వు దొంగల్ని బస్తాల్లో కుక్కాలిగా, ఇప్పుడే నేర్చుకో అని ఆయన అరిస్తే, కూలీలంతా నవ్వారు. అఖిల ముఖానికి చున్నీ చుట్టుకుని పన్నెండింటిదాకా కాయలు ఎత్తింది. ఇంటికొచ్చేసరికి ముంజేతులు ఎర్రగా ఉన్నాయి.

వాకిట్లో పట్టా మీద విత్తనాల కందులు సెగలు కక్కుతున్నాయి. అత్తయ్య పొడి చల్లుతున్నారు. గింజలకి పట్టించడానికి బలమైన చేతులు కావాలి. చేతులు కడుక్కొచ్చి అఖిల పట్టా మీద కూర్చుంది. మోచేతులదాకా గింజల్లో ముంచి కింది నుంచి పైకి కలపసాగింది. నేను ఎదురుగా కూర్చుని జారే గింజల్ని లోపలికి నెడుతున్నాను. వడగాలి ఒక్కసారి తిప్పి కొట్టింది. పొడి లేచింది. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. అఖిల చేతులు గింజల్లో ఉన్నాయి. తల పక్కకి తిప్పి, భుజానికి కన్ను రుద్దుకుంది. చెమటా, పొడీ కలిసిన భుజానికి.

మండుతుందంది. ముందు మామూలుగానే అంది. తర్వాత లేచి నిలబడి, కుడికన్ను మూసుకుని వాకిట్లో గుండ్రంగా తిరిగింది.

కళ్లంలోంచి అప్పుడే వచ్చిన మామయ్య అరుగు మీద కూర్చుంటూ, మిరపకాయల్లో పుట్టి పెరిగి కన్ను మండిందంటావేంటే, పోలీసోళ్లు వింటే నవ్విపోతారు అన్నారు. ఆ ఊళ్లో కన్ను మండటం లెక్కలోకి రాదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎవరికో ఒకరికి రోజూ మండుతుంది. దానికి అందరికీ తెలిసిన ఒక పద్ధతుంది. నీళ్లు తగలనీయకూడదు. ఘాటుకి నీళ్లు తగిలితే మంట ఇంకా పాకుతుందంటారు. రెప్పల మీద వెన్న రాసి, నందివర్ధనం పూలు పెట్టి గుడ్డ కట్టుకుని పడుకుంటే, తెల్లారేసరికి పోతుంది. నిజంగానే పోతుంది. నాకూ రెండుసార్లు పోయింది.

“నీళ్లతో కడుగుదాం అత్తయ్యా,” అన్నాను.

“వద్దమ్మా. ఘాటుకి నీళ్లేంటి. నీకు తెలియదులే.”

అప్పుడు నేను చెప్పాల్సినవి నాలుగే ముక్కలు. ‘అందులో సీతాఫలం గింజలు ఉన్నాయి.’ ఆ నాలుగు ముక్కలూ నోటిదాకా వచ్చాయి. ఆ ముందురోజే అత్తయ్య పక్కింటావిడతో నా గురించి, మా దివ్యకి ఏదైనా ఒకసారి చెబితే చాలు అనడం నేను కిటికీలోంచి విన్నాను. అత్తయ్య అప్పటికే వెన్నగిన్నె కోసం లోపలికి వెళ్తున్నారు. మామయ్య నవ్వుతున్నారు. అఖిల మూసిన కన్ను మీద చెయ్యి పెట్టుకుని, రెండో కన్నుతో నా వైపు చూస్తోంది. నేను వెళ్లి నందివర్ధనం పూలు కోసుకొచ్చాను.

మర్నాటికి రెప్ప ఉబ్బింది. వెలుతురు చూడలేకపోయింది. ఘాటు గట్టిగా పట్టిందన్నారు అత్తయ్య, పూలు మార్చారు. కోటేష్ ఫోను చేసి అడిగితే, మామయ్య, తగ్గుద్దిలేరా అన్నారు. నేను పెరట్లోకి వెళ్లి ఫోనులో వెతికాను. ఆ గింజల పొడి కంట్లో పడితే వెంటనే చాలాసేపు నీళ్లతో కడగాలని, ఆలస్యం చేస్తే నల్లగుడ్డు పైపొర ఊడిపోతుందని ఉంది. రెండుసార్లు చదివాను. ఫోను బోర్లా పెట్టి, ఆరేసిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టాను. మడతలు చాలా చక్కగా వచ్చాయి. అది నాకెందుకో బాగా గుర్తుంది.

ఆ రోజంతా గడిచింది. రెండో రోజు పొద్దున అఖిల లేచి గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. కట్టు విప్పితే నల్లగుడ్డు మీద పాలచుక్క పడినట్టు తెల్లగా ఉంది. అత్తయ్య చేతిలో గిన్నె జారిపోయింది. కోటేష్ స్నేహితుడి కారు తెచ్చాడు.

గుంటూరులో కంటి డాక్టరు హెలెన్ గారు చాలాసేపు చూశారు. ఏం పడిందని అడిగారు. మిరప ఘాటు అన్నారు అత్తయ్య. డాక్టరు నమ్మినట్టు కనపడలేదు. కన్ను కడగడానికి అఖిలని పక్కగదిలోకి తీసుకెళ్లారు, అత్తయ్య కూడా వెళ్లారు. గదిలో డాక్టరూ నేనూ మిగిలాం. అప్పుడు చెప్పాను. గొంతు ఎంత తగ్గించానంటే ఆవిడ రెండుసార్లు అడగాల్సి వచ్చింది. ఆవిడ కలం పక్కన పెట్టి నన్ను చూశారు.

“మొన్ననే కడిగి తీసుకొస్తే వారంలో మామూలైపోయేదమ్మా. ఇప్పుడు పుండు పడింది. మానుతుంది, కానీ మచ్చ ఉంటుంది.”

మచ్చ ఉంటే చూపు ఎంత ఉంటుందని అడిగాను. మచ్చ ఎక్కడ పడుతుందో దాన్నిబట్టి అన్నారు. వాళ్లకి చెప్పొద్దని అడగబోయాను. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంటూ, ఇంట్లోవాళ్లకి మీరే చెప్పుకోండి అన్నారు. నేను తలూపాను.

మే నెల మొత్తం మేము చుక్కల మందుతో బతికాం. గంటగంటకీ వెయ్యాలి. ఆ పని నేను ఎవరికీ ఇవ్వలేదు. అఖిల నా ఒళ్లో తల పెట్టుకుని పడుకునేది. రెప్ప పట్టుకుని, చుక్క వేసి, కిందికి జారినది దూదితో తుడిచేదాన్ని. మాట్లాడటానికి నాకేమీ దొరికేది కాదు. పెళ్లికి ముందు నుంచీ మా ఇంట్లో నన్ను వసపిట్ట అనేవాళ్లు, ఇక్కడా ఆ పేరే వచ్చింది.

“ఏంటి వదినా, మాటలన్నీ అయిపోయినయ్యా?” అని అడిగింది ఒకరోజు.

“ఏం లేదు.”

“ఏదైనా ఉంటే చెప్పు. నేను వినడానికేగా పడుకుంది.”

ఏం లేదన్నాను మళ్లీ. ఆమె కళ్లు మూసుకుంది. నేను అదేదో సరదాకి అన్న మాటనుకున్నాను.

మామయ్య గొంతు తగ్గిపోయింది ఆ నెలలో. భోజనానికి పిలిస్తే వచ్చేవారు, తిని లేచి వెళ్లేవారు. ఒకసారి కోటేష్‌తో, ఆరోజు నేను కళ్లానికి పిలవకుండా ఉండాల్సిందిరా, మీ అమ్మ చెబుతూనే ఉంది అంటుంటే విన్నాను. నేను గుమ్మం ఇవతల మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. కోటేష్, నీ తప్పేముంది నాన్నా అన్నాడు. లోపలికి వెళ్లి గ్లాసు అందించి వచ్చేశాను.

పుండు మానింది. మచ్చ సరిగ్గా నల్లగుడ్డు మధ్యలో పడింది.

జూన్‌లో వైద్య పరీక్షకి కోటేష్ తీసుకెళ్లాడు. పొద్దున వెళ్తూ అఖిల కొత్త చుడీదార్ వేసుకుంది, జడ బిగించి వేసింది నేనే. సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చారు. ఆమె బండి దిగి చెప్పులు విప్పుతూ, ఎడమకన్ను మూస్తే బోర్డు మీద పెద్ద అక్షరం ఒక్కటే కనపడిందని చెప్పింది. తక్కినవి ఊహించి చెప్పచ్చు కదే అన్నారు అత్తయ్య, ఏడుపు ఆపుకుంటూ. ఊహించి చెప్పాను, తప్పాయి అంది అఖిల. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి, చుడీదార్ విప్పి మడతపెట్టి, పాత నైటీ వేసుకుని వచ్చి కూరలు తరగడానికి కూర్చుంది. బెండకాయ మీద కత్తి ఒకసారి పక్కకి పడింది. ఒక కన్నుతో దూరం సరిగ్గా అందదట. నేను కత్తి తీసుకోబోతే, తనే తరుగుతానంది.

వారానికి మొదటి వాన పడింది. అత్తయ్య విత్తనాల డ్రమ్ము మూత తీశారు. ఇసుక తోడేసి, చెయ్యి అడుగుదాకా పోనిచ్చి గుప్పెడు గింజలు తీసి చాటలో పోశారు. ఒక్కొక్కటే చూశారు. ఎర్రగీతల పొట్టు, నున్నగా, కొత్తదానిలా. బొక్క లేదు, తెల్లటి గుడ్డు లేదు. ఇంకో గుప్పెడు తీశారు. చాలా రోజుల తర్వాత ఆవిడ ముఖంలో కొంచెం వెలుగు కనపడింది.

“ఒక్క గింజ పుచ్చలేదు దివ్యా. నా ఇరవై ఆరేళ్లలో ఇట్లా లేదు. నీ చెయ్యి మంచిది.”

చాట నా చేతికిచ్చారు. నేను పట్టుకుని నిలబడ్డాను. దించలేకపోయాను.

ఆ మధ్యాహ్నం ఐదుగురం కలిసి భోజనానికి కూర్చున్నాం, ఆదివారం కాబట్టి కోటేష్ ఇంట్లోనే ఉన్నాడు. మామయ్య అన్నం కలుపుతూ, నారుకి చెప్పలేదు, ఈ ఏడు మిరప వెయ్యట్లేదు అన్నారు. మూడెకరాల్లోనూ కంది, జొన్న వేస్తానన్నారు. ముప్ఫై ఏళ్లుగా ఆయన మిరప మానలేదు. తెగుళ్లు వచ్చిన ఏడు మానలేదు, ధర పడిపోయిన ఏడు మానలేదు. అత్తయ్య వడ్డిస్తున్న గరిటె ఆగింది.

“ఇంక మిరపకాయ నా వాకిట్లోకి రాదు,” అన్నారు మామయ్య. “ఆ ఘాటు నా బిడ్డ కన్ను తిన్నది. నేనే పిలిచి తినిపించా.”

ఫ్యాను చప్పుడు వినపడుతోంది. అందులో సీతాఫలం గింజలు ఉన్నాయి మామయ్యా, అన్నాను.

దేంట్లో అన్నారాయన. పొడిలో, నేనే కలిపాను, అత్తయ్య వద్దన్నారు, అయినా కలిపాను, అది మిరప ఘాటు కాదు, మీరు పిలవడం వల్ల కాదు, నాకు ఆ రోజే తెలుసు. ఇవన్నీ ఒకదాని వెనకొకటి, స్కూల్లో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. చెబుతుంటే నా అన్నం మీద కన్నీళ్లు పడుతున్నాయి, అది కూడా ఎవరిదో కంచం అన్నట్టు చూస్తున్నాను.

కోటేష్ తల ఎత్తలేదు. అత్తయ్య గరిటె గిన్నెలో పెట్టారు. మామయ్య నన్ను చూసి, కూతుర్ని చూసి, కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. లేచి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయారు. తిట్టలేదు. ఆయన తిట్టి ఉంటే వీధి చివరిదాకా వినపడేది. వినపడాలని ఎంత కోరుకున్నానో.

“వద్దన్నాను కదమ్మా,” అన్నారు అత్తయ్య. అంతే అన్నారు. ఆవిడ లోపలికి వెళ్లాక, కోటేష్ కూడా లేచి వాళ్ల నాన్న వెనకాల వెళ్లాడు.

అఖిల నా ఎదురుగా కూర్చునే ఉంది. అన్నం తింటూనే ఉంది.

“నాకు తెలుసు వదినా,” అంది.

ఎప్పటి నుంచి అని అడగబోయాను. ఆమే చెప్పింది. చిన్నప్పుడు ఆదెమ్మ తన తలకి ఎన్నిసార్లు ఆ మందు పట్టించిందో లెక్కలేదట. ఆ వాసన పట్టా మీద కూర్చోగానే తెలిసిపోయిందట. మంట మొదలవగానే అర్థమైందట.

“మరి నువ్వెందుకు చెప్పలేదు?”

“కొత్త కోడలివి. అమ్మ వద్దన్న పని చేశావని తెలిస్తే నీ మీద మాటొస్తుంది. తెల్లారేసరికి తగ్గిపోద్దిలే, ఎవరికీ తెలియకుండా పోద్దిలే అనుకున్నా.” ఆమె మజ్జిగ పోసుకుంది. గ్లాసు అంచు దాటి కొంచెం ఒలికింది, వేలితో తుడిచింది. “రెండో రోజు నుంచి మాత్రం, నువ్వు చెబుతావని చూశా. హాస్పిటల్లో చూశా. మందు వేసినప్పుడల్లా చూశా.”

కంచం తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర గడప ఎత్తు కాలితో తడుముకుని దాటింది.

జులైలో కందులు వేశాం. విత్తనం మొత్తం మొలిచింది, ఒక్క సాలులో కూడా ఖాళీ లేదు. మామయ్య మిరపనారు కూడా తెచ్చి వేశారు, ఆలస్యమైనా. నాతో మాట్లాడతారు, అవసరమైనంత. అత్తయ్య ఎప్పటిలాగే పిలుస్తారు, దేనికీ తక్కువ చెయ్యరు. కోటేష్ చొక్కా ఇప్పటికీ చల్లగానే ఉంటుంది. అఖిల సత్తెనపల్లిలో ఒక బట్టల షాపులో లెక్కల పనికి వెళ్తోంది. పొద్దున్నే నేను ఆమెకి క్యారేజీ కడతాను. ఆమె నవ్వుతుంది, ఊళ్లో సంగతులు చెబుతుంది, బస్సు కబుర్లు చెబుతుంది. ఎవరైనా చూస్తే వదినామరదళ్లు ఎంత బాగున్నారో అనుకుంటారు.

నిన్న క్యారేజీ గిన్నె వేడిగా ఉండి నా వేలు కాలింది. అఖిల పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టింది. నీళ్లు చాలాసేపు పడనిచ్చింది. నేను చాల్లే అన్నా వదల్లేదు. తర్వాత తువ్వాలుతో వేలు అద్ది, నా వైపు చూడకుండా మెల్లగా అంది.

“మీరు కూర్చోండి వదినా. నా క్యారేజీ నేను కట్టుకుంటాను.”